ఈ నెల నెయ్యి పంపడం లేదు

బిడ్డా,

నీ రక్తపరీక్ష కాగితం మూడుసార్లు చదివాను. రక్తంలో తిరిగే కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 128, ఫరవాలేదు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 164 దగ్గర నా గుండె గుభేలుమంది. మీ నాన్నకు 48 ఏళ్లకే గుండెపోటు వచ్చిందని నీకు గుర్తు చేయనక్కరలేదు.

అందుకే ఈసారి దేవరకొండ బస్సులో నెయ్యి డబ్బా రాదు. ‘ఇంటి నెయ్యే కదా’ అంటావు. ఎక్కడ కాచినా నెయ్యిలో సగానికి పైగా సంతృప్త కొవ్వే. అది ఎక్కువైతే కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కోవడం తగ్గిస్తుంది. మిగిలినది ఏళ్ల తరబడి ధమనుల గోడల్లో పేరుకుంటుంది. పెద్ద చెంచా నెయ్యిలో ఆ కొవ్వు సుమారు 8 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన హద్దు దాదాపు 22. రెండు పూటలా అన్నంలోకి, పైగా రొట్టె మీదికి నువ్వు ఎంత వేసుకుంటున్నావో లెక్క చూసుకో.

పెరుగు మాత్రం మానకు. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినా, రోజూ చల్ల చిలికినా, ఈ సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. పాలలోని ప్రతి కొవ్వు బిందువు చుట్టూ సన్నని పొర ఉంటుంది. కవ్వం తిప్పితే అది చిట్లుతుంది, బిందువులు ఒకదానికొకటి అంటుకుని వెన్నగా తేలుతాయి, పొర చాలావరకు చల్లలోనే ఉండిపోతుంది. చిలకని పెరుగులో ఆ పొర పోదు. స్వీడన్‌లో కొందరికి రోజుకు 40 గ్రాముల పాలకొవ్వును 8 వారాలు మీగడ రూపంలో, మరికొందరికి పొరలేని వెన్ననూనెగా ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. వెన్ననూనె తిన్నవారికి ఎల్‌డీఎల్ పెరిగింది, మీగడ తిన్నవారికి పెరగలేదు. చిన్న పరీక్షే, దాన్ని చూసి గిన్నెడు మీగడ తినమనను. కానీ ఆ వెన్ననూనె మన నెయ్యి లాంటిదే కదా, బిడ్డా!

నెయ్యి తగ్గించిన చోట ఇంకో ముద్ద తెల్లన్నమో, మిఠాయో చేరితే ఇప్పుడు బాగున్న ట్రైగ్లిజరైడ్లు కూడా పెరుగుతాయి. పప్పు, కూర ఎక్కువ తిను. వంటకు పల్లీనూనె చాలు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకో. నాన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు. మాత్ర వేసుకోమంటే నెయ్యి మానేశానని వాదించకు.

బుధవారం బస్సులో జొన్నపిండి, పల్లీలు పంపుతున్నాను. ఉగాదికి రా, భక్ష్యాల మీద ఒక్క చెంచా నెయ్యి నేనే వేస్తాను.

మీ అమ్మ