గని తలుపు దగ్గరి పిల్లలు

అందరికీ నమస్కారం. విక్టోరియా కాలపు బాల కార్మికుల మీద పిల్లల కథలు రాస్తున్నవాళ్లు హస్కర్ బొగ్గు గని సంగతి తప్పక చదవండి. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, సిల్క్‌స్టోన్ దగ్గర, 1838 జూలై 4న కుండపోత వాన. బయటపడదామని సొరంగం దారి పట్టిన 26 మంది పిల్లలు పొంగిన వాగు నీళ్లలో మునిగిపోయారు. చిన్నవాళ్లకు 7 ఏళ్లే! ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను గనిలో దింపకూడదనే చట్టం 1842లో గానీ రాలేదు.

గాలి తలుపు, అంటే గనిలో గాలి సరైన దారిలో పోయేలా మూసి ఉంచే తలుపు, దాని కాపలా చిన్నపిల్లల పని. బొగ్గు బండి వచ్చినప్పుడు తాడు లాగి తలుపు తెరవాలి, మిగతా సేపంతా చీకట్లో ఒంటరిగా కూర్చోవాలి. కథను ఆ పిల్లల వైపు నుంచే చెప్పండి. దయగల దొర వచ్చి కాపాడే ముగింపు మాత్రం దయచేసి వద్దు, అది వాళ్లకు అన్యాయం. రాసినంతవరకు ఆదివారంలోపు ఇక్కడ పెట్టండి.