నాన్న కాలు నిలబెట్టిన అక్కకు

పుండు మూసుకుందని ఇవాళ పొద్దున నర్సు అక్క వీడియోలో చూసి చెప్పింది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, ఏం రాస్తున్నానో కూడా సరిగ్గా తెలియట్లేదు. అయినా ఇప్పుడే రాయాలి.

మాది కలిగిరి పక్కన పల్లె. షుగరుతో నాన్న పాదాలకు స్పర్శ పోయింది. పొగాకు బ్యారన్‌లో వేడి గొట్టం మీద అడుగేసి అరికాలు కాలినా ఆయనకు తెలియలేదు. మేం చూసేసరికి చీము పట్టింది. నెల్లూరులో పుండు శుభ్రం చేసి, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్‌కు రమ్మన్నారు. బస్సులో రెండు గంటల పైమాటే. కాలు కింద మోపకూడని మనిషిని ఎట్లా తిప్పేది? డ్రెస్సింగ్ గదిలో నర్సు నా వాలకం చూసి, "నెంబరు రాసుకో, ఇంట్లో నువ్వే కడుదువు గాని, నేను వీడియోలో చూస్తా" అంది. పేరు బయటపెట్టొద్దంది కాబట్టి అక్క అనే రాస్తున్నా.

అంటుకున్న గాజుగుడ్డను లాగకుండా సెలైన్‌తో తడిపి తీయడం, పగటి వెలుతురులోనే ఫోటో తీయడం, పక్కన స్కేలు పెట్టడం (లేకుంటే పుండు తగ్గిందో పెరిగిందో తెలియదు) అన్నీ ఆమె నేర్పినవే. ఒకసారి పుండు వదిలేసి మడమ చూపించమంది. "ఆ మట్టి ఏంది పెద్దాయనా, చేలోకి పోయొచ్చారా?" ఇంట్లో ఎవ్వరికీ చెప్పని నాన్న ఆమెకు దొరికిపోయాడు. కాలి మీద బరువు పడితే ఏ మందూ పనిచేయదని ఆయన తలకెక్కేదాకా చెప్పింది.

ఒక రాత్రి పుండు అంచు నల్లగా కనిపించింది. టెన్షన్‌తో సిగ్నల్ కోసం ఎదురింటి డాబా ఎక్కితే గానీ ఫోటో పోలేదు. వెంటనే అక్క వాయిస్ మెసేజ్. "బెటాడిన్ మరకలా ఉందమ్మా, సెలైన్‌తో తుడిచి మళ్ళీ పంపు. వాసనొస్తోందా? చుట్టూ ఎర్రగా, వేడిగా ఉందా? జ్వరముందా? ఏ ఒక్కటి ఉన్నా ఫోటోలు వద్దు, రాత్రికి రాత్రే బండెక్కించు." వెనకాల కండక్టరు "ఆత్మకూరు బస్టాండ్, ఆత్మకూరు బస్టాండ్" అని అరుస్తున్నాడు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ బస్సులో నిలబడి చెబుతోంది! తుడిస్తే మరక పోయింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. మా ఊరు కాదు, మా చుట్టం కాదు, రూపాయి ముట్టలేదు. చీర పెడతానంటే కోప్పడింది.

ఒక మాట అనకుండా ఉండలేను. ఫోన్‌లో వైద్యానికి కేంద్రం 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మరి ఈ పనంతా ఆ అక్క సొంత ఫోన్‌లో, ఇంటికి పోయే టైంలో ఎందుకు చేయాలి? కాలు తీసేయాల్సొస్తే ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద అయిపోతుందట. ఆ కాలు నిలబెట్టుకోడానికి ఇంట్లో వాడే గాజుగుడ్డకు, సెలైన్‌కు, ఎంసీఆర్ చెప్పులకు (స్పర్శ లేని పాదాలకు వేసే మెత్తటి రబ్బరు చెప్పులు) మాత్రం మన జేబులోంచే తీయాలి. ఎవరేసిన లెక్కో ఇది!

అన్నా వదినా, మా ఆయన అంతా చేశారు. వాళ్ళకు వేరే చెప్పేదేముంది.

విలేజ్ క్లినిక్‌లో ఈ-సంజీవని (వీడియోలో డాక్టరును కలిపే ప్రభుత్వ సేవ) కలిపి, షుగరు మందుల గురించి డాక్టరుతో మాట్లాడించిన చెల్లికి థాంక్స్. అడిగినప్పుడల్లా అప్పిచ్చిన మెడికల్ షాపు బాబాయ్‌కి కూడా. వారం వారం వచ్చి చూసిన ఆశా అక్కకూ.

అయ్యో, ఎదురింటి పిన్నిని మర్చేపోయా. మాది రేకుల ఇల్లు, డాబా వాళ్ళది. అర్ధరాత్రి తలుపు కొట్టినా విసుక్కోలేదు, పైగా టార్చి పట్టుకుని నాతో పాటు మెట్లెక్కింది.