ఓపెన్ సోర్స్‌కు మార్కులు వేసే పద్ధతి మారాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు వచ్చేసరికి చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) హడావుడి మొదలవుతుంది. ఇన్ని పుల్ రిక్వెస్టులు (మా మార్పును మీ కోడ్‌లో కలపండని పంపే అభ్యర్థనలు) పంపి స్క్రీన్‌షాట్ చూపిస్తే ఇన్ని మార్కులు అంటారు. పిల్లలు ఏదో ఒక ప్రాజెక్టు రీడ్‌మీ ఫైలు తెరిచి, కామా ఒకటి మార్చి పంపేస్తారు. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు అనేసరికి ఇలాంటివి వెల్లువెత్తాయి. ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని నిర్వాహకులు మొదటి వారంలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. ఆ పుల్ రిక్వెస్టులను ఒక్కొక్కటిగా చూసి మూసేయాల్సింది ఎక్కువగా జీతం లేకుండా పనిచేసేవాళ్ళే.

పైథాన్ భాషనే తీసుకుందాం. దాని మూల కోడ్ సీపైథాన్ 2017 నుంచి, కోడ్ ఉంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో ఉంది. ఇష్యూల (నమోదైన లోపాలు, సూచనల) చిట్టా 2022లో అక్కడికే చేరింది. 'ఈ పని నాకు ఇస్తారా' అని ఇష్యూ కింద రాసి వారాల తరబడి ఎదురుచూసే విద్యార్థులుంటారు. సీపైథాన్‌లో ఆ అనుమతి అక్కర్లేదు. డేటా విశ్లేషణకు వాడే పాండాస్ లైబ్రరీలోనైతే 'టేక్' అని ఒక్క మాట రాస్తే చాలు, బాట్ (తనంతట తాను నడిచే ప్రోగ్రాము) ఆ ఇష్యూను మన పేరు మీద పెడుతుంది. ఎవరి పద్ధతి వాళ్ళది కాబట్టి ఆ ప్రాజెక్టు గైడ్ ముందు చదవాలి.

ఇక బిల్డ్, అంటే మూల కోడ్ నుంచి పైథాన్‌ను తయారుచేయడం. ఉబుంటు లినక్స్‌లో సీపైథాన్ కోడ్‌తో వచ్చే కాన్ఫిగర్ స్క్రిప్టును 'విత్-పైడీబగ్' ఆప్షన్‌తో నడిపి, మేక్ కమాండ్ కొడితే అదే ఫోల్డర్‌లో కొత్త పైథాన్ తయారవుతుంది. మేక్ చివర్లో వచ్చే వరసలు తప్పక చదవాలి. ఓపెన్ఎస్ఎస్ఎల్, జడ్‌లిబ్, లిబ్ఎఫ్ఎఫ్ఐ లైబ్రరీల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు లేకపోయినా బిల్డ్ ఆగదు, ఫలానా మాడ్యూళ్ళు (పైథాన్‌లోని భాగాలు) తయారు కాలేదని చెప్పి ముగుస్తుంది. తర్వాత వాటికి చెందిన టెస్టులు నడవకుండానే దాటిపోతాయి. అన్నీ పాసయ్యాయని మనం అనుకుంటాం.

బగ్ (లోపం) మెయిన్ బ్రాంచ్‌లో, అంటే తాజా కోడ్‌లో ఇంకా ఉందో లేదో ఈ కొత్త పైథాన్‌తోనే చూడాలి. ల్యాబ్‌లో పైథాన్ 3.8 ఉంటే, దానికి మద్దతు 2024 అక్టోబరులోనే ముగిసింది. అందులో కనబడ్డ లోపాన్ని ఎప్పుడో సరిచేసి ఉండవచ్చు. ఇంకా ఉందని తేలితే వెంటనే కోడ్ దిద్దకూడదు. లిబ్ ఫోల్డర్ లోపలి టెస్ట్ ఫోల్డర్‌లో ఆ మాడ్యూల్‌కు చెందిన ఫైలు ఉంటుంది. అందులో నాలుగైదు వరసల టెస్టు రాసి, అది ఫెయిల్ కావడం కళ్ళారా చూడాలి. దిద్దాక అదే టెస్టు పాస్ కావాలి. సి భాషలో ఉన్న కోడ్ ముట్టుకుంటే '-ఆర్ 3:3' ఆప్షన్‌తో మళ్ళీ నడపాలి. టెస్టును పదేపదే తిప్పి రిఫరెన్సులు లీకవుతున్నాయేమో (వాడకం అయిపోయినా మెమరీ విడుదల కావడం లేదేమో) అది పట్టిస్తుంది.

పంపేటప్పుడు జరిగే తప్పులు చిన్నవే, కానీ చాలామంది అక్కడే చతికిలబడతారు. ల్యాబ్ కంప్యూటర్‌లో మార్పులను నమోదు చేసే పనిముట్టు గిట్‌కు ఇచ్చిన ఈమెయిల్ ఇంకెవరిదో అయి ఉంటుంది. అప్పుడు కాంట్రిబ్యూటర్ ఒప్పందంపై సంతకం చేశారా అని చూసే తనిఖీ ఫెయిలవుతుంది. కమిట్ చేయకముందే, అంటే మార్పును గిట్‌లో నమోదు చేయకముందే ఆ ఈమెయిల్ సరిచూసుకోవాలి. వాడుకరికి తెలిసే మార్పైతే 'బ్లర్బ్' పనిముట్టుతో ఒకటి రెండు వాక్యాల న్యూస్ ఎంట్రీ (మార్పుల చిట్టాలో చేరే వివరణ) రాయాలి. డాక్యుమెంటేషన్ సవరణలకు సాధారణంగా అది అక్కర్లేదు. అయినా ఒక్కోసారి తనిఖీలో ఎర్ర గుర్తు పడుతుంది, ఎంట్రీ అక్కర్లేదని చెప్పే 'స్కిప్ న్యూస్' లేబుల్ పెట్టే అధికారం మనకు ఉండదు. పెట్టేవాళ్ళు పెడతారు, ఆగాలి. ఆ గుర్తు చూసి కంగారుపడి మరో పుల్ రిక్వెస్టు తెరవకూడదు. రివ్యూ (ప్రాజెక్టువాళ్ళ పరిశీలన) మొదలయ్యాక ఫోర్స్ పుష్ (పాత కమిట్లను చెరిపి కొత్తవి పంపడం) చేయనే కూడదు. చేస్తే రివ్యూ చేసినాయన గతసారి తర్వాత ఏం మారిందో తెలుసుకోలేడు. కమిట్లు ఎన్నున్నా చివరికి ఒక్కటిగానే కలుపుతారు.

మన భాషకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (పాఠంలో వెతకడానికి రాసే నమూనాల్లో) పదాక్షరాలకు వాడే 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ'తో 'తెలుగు' అనే మాటను పైథాన్‌లో వెతికిస్తే త, ల, గ అని మూడు ముక్కలొస్తాయి. ఎత్వం, రెండు కొమ్ములు జారిపోతాయి. గుణింతపు గుర్తులను ఈ వెతుకులాట చేసే రీ మాడ్యూల్ పదాక్షరాలుగా లెక్కించదు. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో పదాలను లెక్కించే కౌంట్ వెక్టరైజర్ అదే 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ'ను ఆధారం చేసుకుని కనీసం రెండు వరస అక్షరాలుంటేనే పదం అనుకుంటుంది. కాబట్టి దాని డిఫాల్ట్ అమరికలో 'తెలుగు' అనే పదం అసలు లెక్కకే రాదు. తెలుగు వార్తల వర్గీకరణ అంటూ చేసే ప్రాజెక్టుల్లో ఇలా ఎన్ని మాటలు మాయమవుతున్నాయో ఎవరూ గమనించకపోతే ఫలితాలకు విలువేముంది? రీ మాడ్యూల్ లోపం చాలా ఏళ్ళ కిందటే నమోదైంది కాబట్టి కొత్త ఇష్యూ తెరవడం దండగ. దిద్దితే ఇప్పుడు నడుస్తున్న ఎన్నో ప్రోగ్రాముల ఫలితాలు మారతాయి కనుక మొదటి ప్రయత్నానికీ తగదు. అయితే తెలుగు పాఠం ఇచ్చి లైబ్రరీలను పరీక్షించడం, తేడా కనబడితే అది ముందే నమోదైందో లేదో వెతకడం మన పిల్లలు బాగా చేయగల పని.

అందుకే కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు మా విన్నపం. సెమిస్టరుకు ఒక్క బగ్ చాలు. మెయిన్ బ్రాంచ్‌లో దాన్ని మళ్ళీ రప్పించినందుకు, ఫెయిలయ్యే టెస్టు రాసినందుకు, రివ్యూలో అడిగిన ప్రశ్నలకు సొంతంగా జవాబిచ్చినందుకు మార్కులు వేయండి. కోడ్ కలిపారా లేదా అన్నది చూడొద్దు, అది విద్యార్థి చేతిలో లేదు. ఏఐ రాసిచ్చిన సవరణను వివరించలేనివాళ్ళు రివ్యూ దగ్గరే తేలిపోతారు. పనిని సెమిస్టరు మొదట్లోనే అప్పగించండి. రివ్యూకు వారాలు పట్టడం మామూలే. నెల దాటినా ఎవరూ చూడకపోతే ఆ పుల్ రిక్వెస్టు కింద ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయమనండి.

— పైథాన్ డెవలపర్లు కొందరు, హైదరాబాద్