ఎసిటనిలైడ్ నాణ్యతపై ఫిర్యాదు

అనంతపురం

మేనేజర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం.

విషయం: మీరు సరఫరా చేసిన ఎసిటనిలైడ్‌లో, దాని తయారీకి వాడే ముడి రసాయనమైన అనిలీన్ కలిసి ఉండడం గురించి.

అయ్యా,

గత నెల మా డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర విభాగానికి మీ సంస్థ నుంచి వచ్చిన నాలుగు ఎసిటనిలైడ్ సీసాల్లోని పదార్థం, లేబుల్ మీద మీరు ముద్రించిన శుద్ధతకు సరిపోవడం లేదు.

బీఎస్సీ చివరి సంవత్సరం విద్యార్థులు పారా బ్రోమో ఎసిటనిలైడ్ (ఒక బ్రోమిన్ పరమాణువు చేరిన ఎసిటనిలైడ్) తయారీ కోసం 5 గ్రాముల ఎసిటనిలైడ్‌ను గ్లేషియల్ (దాదాపు నీరు లేని) ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, అదే ఆమ్లంలో కలిపిన బ్రోమిన్‌ను ఫ్యూమ్ హుడ్‌లో (విషవాయువులను బయటికి పంపే అరలో) చుక్కలు చుక్కలుగా చేర్చారు. లెక్క ప్రకారం సుమారు 2 మిల్లీలీటర్ల బ్రోమిన్ పడేసరికి ద్రావణంలో లేత నారింజ రంగు నిలవాలి. మా ఫ్లాస్కుల్లో ఆ రంగు నిలవలేదు, చివరి చుక్క కూడా కలిసీ కలవకముందే మాయమైంది. ఆరబెట్టిన స్ఫటికాలు 167 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగాల్సింది పోయి, 139 దగ్గరే మెత్తబడి 152 దాకా కరుగుతూ పోయాయి.

పిల్లల పొరపాటేమోనని మొదట వాళ్లనే మందలించాను. అందుకు ఇప్పటికీ బాధగా ఉంది. తర్వాత మీ పొడిని చల్లని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలియబెట్టి, వడగట్టిన ద్రవాన్ని మంచులో ఉంచి సోడియం నైట్రైట్ కలిపి, క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌లో పోయగానే ఎర్రటి అవక్షేపం పడింది. శుద్ధమైన ఎసిటనిలైడ్ ఈ రంగు ఇవ్వదు, అనిలీన్ ఇస్తుంది. అనిలీన్‌లోని అమైన్ సమూహం అణువులోని బెంజీన్ వలయాన్ని ఎంతగా ఉత్తేజపరుస్తుందంటే, ఉత్ప్రేరకం లేకుండానే ఒక్కో అణువు మూడేసి బ్రోమిన్ పరమాణువులను పట్టుకుని ట్రైబ్రోమో అనిలీన్‌గా మారుతుంది. ఎసిటనిలైడ్‌లో అమైన్‌కు అతుక్కున్న ఎసిటైల్ సమూహం ఆ జోరును తగ్గించడం వల్లనే ఎసిటనిలైడ్ ప్రధానంగా పారా స్థానంలో (వలయంలో సరిగ్గా ఎదురు చోట) ఒక్క బ్రోమిన్‌తో ఆగుతుంది. కాబట్టి కాస్త అనిలీన్ ఉన్నా బ్రోమిన్‌ను అదే మింగేస్తుంది, ఎసిటనిలైడ్ కొంత అలాగే మిగిలిపోతుంది.

అదే పొడిని వేడినీటిలో పునఃస్ఫటికీకరణం చేశాక (కరిగించి, చల్లార్చి మళ్లీ స్ఫటికాలుగా శుద్ధి చేశాక) అది 114 డిగ్రీల దగ్గర కరిగింది. పాత ఆమ్లంతో, పాత బ్రోమిన్‌తోనే చేసిన చర్య ఈసారి సవ్యంగా జరిగింది. అందువల్ల లోపం మీ సీసాల్లోనే ఉందని నిస్సందేహంగా చెప్పగలను.

కల్యాణదుర్గం, తాడిపత్రి నుంచి బస్సుల్లో వచ్చే విద్యార్థులు ఈ ప్రయోగం కోసం మళ్లీ ఒక రోజు రావాల్సి వచ్చింది. పైగా, చర్మాన్ని కాల్చి ఊపిరితిత్తులను దెబ్బతీసే బ్రోమిన్ పిల్లల చేతికి ఊరికే రెండోసారి ఇచ్చే వస్తువు కాదు.

నాలుగు సీసాలనూ వెనక్కి తీసుకుని, ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రంతో పాటు శుద్ధమైన సరుకును పదిహేను రోజుల్లోగా పంపాలని, రవాణా ఖర్చును మీరే భరించాలని కోరుతున్నాను. ఇదే బ్యాచ్ కొన్న మిగతా కళాశాలలకూ వెంటనే తెలియజేయండి. ఒక సీసా నుంచి తీసిన నమూనాను సీలు వేసి మా దగ్గర భద్రపరిచాం.

ఇట్లు,
రసాయనశాస్త్ర అధ్యాపకురాలు