లారీ ఆపుకునే చోటేది?

సంపాదకునికి,

20 ఏళ్లుగా ఆకివీడు నుంచి గువాహటికి చేపల లోడు తోలుతున్నాను. ఐసు కరిగేలోగా చేరాలి, ఆలస్యమైతే కిరాయిలో కోత పడుతుంది. కునుకు తీద్దామంటే బండి ఆపే చోటుండదు. రోడ్డు పక్కన ఆపితే వెనక నుంచి ఏ బండి గుద్దుతుందోనని, డీజిలు ఎవరు తోడుకుపోతారోనని సగం కన్ను తెరిచే పడుకుంటాం. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. మా పాత బండ్లలో మే నెలలో స్టీరింగు పట్టుకుంటే అరచేతులు కాలతాయి. సాధారణంగా రోజుకు 8 గంటలే పనని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. నేను 16 గంటలు తోలిన రోజులు లెక్కలేనన్ని. కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి పొడవునా దీపాలు, కాపలా, స్నానానికి నీళ్లు ఉన్న పార్కింగు స్థలాలు కట్టించాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక లారీ డ్రైవరు, ఆకివీడు