నీ సీతాకోకచిలుక, నా పెంకుపురుగు

ఒరేయ్ శ్రీనూ,

నువ్వు పంపిన పర్పుల్ ఎంపరర్ సీతాకోకచిలుక ఫోటో చూశాను. అందమే, కాదనను. మగదాని రెక్కల మీది ఆ ఊదా మెరుపు రంగు వేసినట్టు ఉండేది కాదు, రెక్క పొలుసుల నిర్మాణం వల్ల ఒక కోణంలోనే కనిపిస్తుంది, కాస్త పక్కకి తిరిగితే ఉత్త ముదురు గోధుమ రంగే. కానీ స్టాగ్ బీటిల్‌ని పట్టుకుని "నల్లటి పెంకుపురుగు, దాన్లో ఏముంది" అన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను.

ముందు ఒక సంగతి విను. రెండూ యూరప్ అడవులవే, రెండూ వేసవిలోనే పైకి కనిపిస్తాయి, రెండిటికీ ఓక్ చెట్టు బెరడు నుంచి కారే రసం ఇష్టం. నీ ఎంపరర్ రాజుగారు పువ్వుల జోలికి దాదాపు పోడు, పేడ మీదా కుళ్ళిన మాంసం మీదా కూడా వాలతాడు!

తేడా అంతా చిన్నప్పుడే. ఎంపరర్ గొంగళిపురుగు విల్లో చెట్టు ఆకులు తిని, చలికాలమంతా కొమ్మకి అతుక్కుని ఉండి, ఏడాది తిరిగేసరికి సీతాకోకచిలుక అయిపోతుంది. స్టాగ్ బీటిల్ లార్వా, అంటే దాని పిల్ల పురుగు, అలా కాదురా, భూమిలో కుళ్ళుతున్న మొద్దుని తింటూ మూడేళ్ళు, ఒక్కోసారి ఆరేడేళ్ళు కూడా చీకట్లోనే ఉంటుంది. శరదృతువులో పూర్తి పురుగుగా మారినా వెంటనే బయటికి రాదు, ఆ చలికాలం కూడా మట్టిలోనే గడిపి మే నెలలోనో జూన్‌లోనో వస్తుంది. మగదానికి కొమ్ముల్లా కనిపించేవి దవడలే, మొత్తం పొడవు 7.5 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆ దవడలతో ఇంకో మగదాన్ని ఎత్తి పడేస్తుంది గానీ నమలలేదు. చెట్టు రసం కాస్త తాగినా, లార్వాగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ముఖ్య ఆధారం, అదీ కొన్ని వారాలే.

అందుకే నా దిగులంతా ఈ స్టాగ్ బీటిల్ గురించే. ఇంగ్లండ్‌లో నెప్ అనే ఎస్టేట్‌లో వ్యవసాయం మానేసి నేలని వదిలేస్తే విల్లో పొదలు వాటంతటవే లేచాయి, వాటి వెనకే ఎంపరర్లూ వచ్చాయి. ఎంపరర్ దూరం ఎగరగలిగే ప్రాణి కాబట్టి వెతుక్కుని రాగలిగింది. ఆడ స్టాగ్ బీటిల్ అంత దూరం పోదు, చాలాసార్లు తను పుట్టిన చోటుకి దగ్గర్లోనే గుడ్లు పెడుతుంది. అడవి శుభ్రం చేస్తున్నామని పాత మొద్దులు పెకలిస్తే ఏళ్ళ తరబడి లోపల పెరుగుతున్నవన్నీ ఒక్క రోజులో పోతాయి, కొత్త మొద్దు పుచ్చడానికే ఎంత కాలం పడుతుందో ఆలోచించు.

రెండిట్లో ముందు దేన్ని కాపాడాలంటే నేను బీటిల్ అనే అంటాను. నువ్వు కాదంటావని తెలుసు, కారణం చెప్తూ రాయి.

నీ
రఘు