భాష అడిగితే దేశం ముక్కలవుతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎవరైనా బ్యాంకులో తెలుగులో మాట్లాడండి అంటే చాలు, ఇలాంటోళ్ల వల్లే దేశం విడిపోతుందని సోషల్ మీడియాలో ఎగబడిపోతున్నారు. ఈ భయం కొత్తదేం కాదండీ, 1948లోనే రాజ్యాంగ సభ తరఫున వేసిన ధర్ కమిషన్ భాషను బట్టి రాష్ట్రాలు వద్దంది, మరుసటేడు కాంగ్రెస్ వేసిన జేవీపీ కమిటీ కూడా తొందరొద్దనే అంది, జే అంటే జవహర్‌లాల్ నెహ్రూ, వీ అంటే వల్లభాయ్ పటేల్, పి అంటే మన పట్టాభి సీతారామయ్య గారే మరి! 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలితే గానీ ఢిల్లీ కదల్లేదు, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956కల్లా దేశమంతా చాలావరకు అదే దారి పట్టింది. ఏం ముక్కలైంది? భాష ఒకటే అయినా 2014లో మనం రెండు రాష్ట్రాలయ్యాం, అది నీళ్లు, నిధులు, నియామకాల గొడవ.

మా ఊరి బ్యాంకులో మొన్న పెన్షన్ కోసం వచ్చిన ఒక ముసలామెకి వేలిముద్ర ఎక్కడెయ్యాలో చెప్పే దిక్కులేదు, కౌంటర్‌లో కుర్రాడికి హిందీ తప్ప రాదు, చివరికి లైన్‌లో ఉన్న ఇంటర్ పిల్ల మధ్యలో దూరి చెప్పింది. ఆ కుర్రాడినేం అనను, పోస్టింగ్ ఇచ్చినోళ్లు నాలుగు ముక్కలు నేర్పించి పంపాలిగా. ఆ కోపం పానీపూరి బండి అబ్బాయి మీదో బీహార్ కూలీల మీదో తీర్చుకోవటం మాత్రం శుద్ధ అన్యాయం.

2024లో కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షే తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషల్లో పెట్టారు. బోర్డర్ కాసే ఉద్యోగానికి లేని ఇబ్బంది విత్‌డ్రాయల్ ఫారానికి ఎందుకొచ్చిందో ఆ బ్యాంకులోళ్లే చెప్పాలి.

- ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా